గురిగుర్తు – సవరణ: కృష్ణా పశ్చిమ డెల్టా సర్వే నుండి హీరో షూటర్ ఆటల వరకు ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పోటీ పద్ధతిలో ఆడే హీరో షూటర్ వీడియో గేముల్లో ఆటగాడు తెర మధ్యనున్న గురిగుర్తును, అంటే క్రాస్‌హెయిర్‌ను, తన కంటికి అనుకూలంగా మార్చుకుంటాడు. ఇది కొత్త తరం అలవాటుగా కనిపించినా దీని మూలాలు పదిహేడో శతాబ్దపు దూరదర్శినిలో ఉన్నాయి. ఆ పరికరమే తర్వాతి కాలంలో తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల కాలువలకు, రైలు మార్గాలకు, పొలం హద్దులకు కొలతనిచ్చింది. సర్వే పరికరంలోని గీతకూ, ఆటలోని గుర్తుకూ మధ్యనున్న చారిత్రక సంబంధాన్ని వివరించి, 'సవరణ' అనే భావన కాలక్రమంలో ఎలా మారిందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గురి, క్రాస్‌హెయిర్, సర్వే, లెవెల్, కృష్ణా డెల్టా, హీరో షూటర్, ఈ-స్పోర్ట్స్.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో 'గురి' అనే మాటకు రెండు ప్రధానార్థాలు వ్యవహారంలో ఉన్నాయి. ఒకటి లక్ష్యం. 'గురి చూసి కొట్టాడు' అన్నప్పుడు ఈ అర్థమే. రెండోది నమ్మకం. 'ఆయన మీద వాళ్లకు గురి కుదిరింది' అన్నప్పుడు చూపుతో, బాణంతో సంబంధం లేదు. పైకి వేరుగా కనిపించే ఈ రెండు అర్థాలూ గురిగుర్తు చరిత్రలో ఒకదానితో ఒకటి పెనవేసుకున్నాయి. గీత వెంట చూసే వ్యక్తి ముందుగా ఆ గీతను నమ్మాలి. గీత తప్పు చెబితే చూపు ఎంత పదునైనదైనా ఫలితం ఉండదు.

గురిని గూర్చిన ఆలోచన తెలుగువారికి భారతకథ ద్వారా చిరపరిచితం. ద్రోణుడు పెట్టిన పరీక్షలో అర్జునుడికి చెట్టు, కొమ్మలు, తోటివారు కనిపించలేదు. పక్షి తల మాత్రమే కనిపించింది. మత్స్యయంత్ర ఘట్టంలోనూ లక్ష్యవేధమే ప్రధానం. ఈ రెండు కథల్లోనూ గురి విలుకాడి మనసులోనే ఉంది. వింటికి గుర్తు లేదు. డెల్టా గ్రామాల్లో పిల్లలాడిన గోళీలు, పంగలకర్ర, చేలల్లో పిట్టలను తోలే వడిసెల కూడా ఇటువంటివే. చేతికి, కంటికి మధ్య మరో సాధనం లేదు. కంటికీ లక్ష్యానికీ నడుమ ఒక గీతను నిలపడం వేరొక సంప్రదాయం. అది ఖగోళశాస్త్రం నుండి వచ్చింది.

2. గీత పుట్టుక: గ్యాస్కాయిన్ సాలీడు

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌కు చెందిన విలియం గ్యాస్కాయిన్ 1640 ప్రాంతంలో రెండు కుంభాకార కటకాలతో సూర్యుడిని పరిశీలిస్తుండగా, తెరచి ఉంచిన గొట్టంలో ఒక సాలీడు దారం లాగింది. ఆ దారం సరిగ్గా కటకాల నాభి ఉన్నచోట పడడంతో, దూరాన ఉన్న వస్తువుతోపాటు అదీ స్పష్టంగా కనిపించింది. ఈ సంగతిని ఆయనే తన లేఖలో తెలిపాడు. దీని ప్రాధాన్యాన్ని గుర్తించిన గ్యాస్కాయిన్ దూరదర్శినిలో గీతలను అమర్చాడు. చిన్న కోణాలను కొలిచే మైక్రోమీటరునూ రూపొందించాడు. 1644 జూలై 2న మార్స్టన్ మూర్ యుద్ధంలో ఆయన మరణించాడు. ఆయన పరికరం 1667లో రిచర్డ్ టౌన్లీ ద్వారా లండన్ రాయల్ సొసైటీ దృష్టికి వచ్చింది. ఫ్రాన్సులో జాన్ పికార్ 1669–70లో భూమి చాపాన్ని కొలిచినప్పుడు గీతలున్న దూరదర్శినినే వాడాడు.

ఈ ఆవిష్కరణలోని కీలకం సులభమైనది. తుపాకి గొట్టంపై ఉండే ఇనుప గుర్తును, దూరపు లక్ష్యాన్ని కన్ను ఒకేసారి స్పష్టంగా చూడలేదు. ఒకటి స్పష్టమైతే రెండోది మసకబారుతుంది. దూరదర్శినిలో వస్తువు ప్రతిబింబం ఏర్పడే తలంలోనే గీతను నిలిపితే రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపిస్తాయి. మొదట సాలెదారం, ఆపైన సన్నని లోహపుతీగ, తర్వాత గాజుపై చెక్కిన గీత వాడుకలోకి వచ్చాయి. పదార్థం మారినా సూత్రం మారలేదు. నేటి వీడియో గేములో గురిగుర్తు, శత్రువు ఒకే తెరపై ఒకే తలంలో కనిపించడం ఈ సూత్రానికి చివరి రూపమని చెప్పవచ్చు.

3. కృష్ణా పశ్చిమ డెల్టాలో గీత:

3.1 కొలత అవసరం:

విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధారరేఖను కొలవడం ప్రారంభించాడు. 1818 నుండి గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వేగా పిలువబడిన మహాకార్యానికి అది నాంది. ఆయన వాడిన థియోడొలైటు బరువు దాదాపు అరటన్ను. అంత భారీ పరికరంలోనూ నిర్ణయం చేసేది వెంట్రుక కన్నా సన్నని గీతే. అదే కాలంలో కాలిన్ మెకంజీ సర్వేతోపాటు స్థానిక చరిత్రలను సేకరించాడు. ఆయనకు తోడ్పడిన ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి తెలుగు చరిత్ర రచనలో సుప్రసిద్ధులు. మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు.

గుంటూరు ప్రాంతానికి కొలత అవసరం కరువు ద్వారా తెలిసివచ్చింది. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు సీమలో అయిదు లక్షల జనాభాలో రెండు లక్షల వరకు మరణించినట్లు అంచనాలున్నాయి. కృష్ణానది పక్కనే పారుతున్నా ఆ నీరు పొలానికి ఎక్కలేదు. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అదే సంవత్సరం బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్ట పని మొదలై, కెప్టెన్ చార్లెస్ ఆర్ ఆధ్వర్యంలో 1855లో ముగిసింది. ఆనకట్ట పడమటి గట్టు నుండి వచ్చిన ప్రధానకాలువ దుగ్గిరాల దగ్గర చీలి, వివిధ శాఖలుగా డెల్టాలో వ్యాపించింది. తెనాలి పట్టణం గుండా మూడు కాలువలు ప్రవహిస్తాయి. కొమ్మమూరు కాలువ బాపట్ల ప్రాంతం వైపు సాగి పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువను కలుస్తుంది. రేపల్లె వైపు భూములు నదీతీరాన్ని, సముద్రాన్ని ఆనుకొని ఉన్నాయి.

3.2 గీత తప్పితే:

డెల్టా భూమి కంటికి చదునుగా కనిపిస్తుంది. ఎటు వాలుందో నడిచే మనిషికి తెలియదు. కాలువ తవ్వేవారికి ఆ అతిస్వల్పమైన వాలే ఆధారం. దాన్ని కనిపెట్టే పరికరం లెవెల్. అందులోని అడ్డగీత క్షితిజసమాంతరంగా ఉంటే, దూరాన నిలబెట్టిన కొలతబద్దపై ఆ గీత తాకిన అంకె ఆ స్థలం ఎత్తును తెలుపుతుంది.

గీత స్వల్పంగా పైకి వంగి ఉందనుకుందాం. ఆ వంపు పదివేలకు ఒకటి అయితే వంద మీటర్ల దూరంలో తప్పు ఒక సెంటీమీటరు. పరికరాన్ని ఎప్పుడూ వెనుక బిందువు దగ్గరే నిలిపి ముందుకు చూస్తూ పోతే, కిలోమీటరుకు పది సెంటీమీటర్ల తప్పు పోగవుతుంది. కాలువకు కావలసిన వాలు కూడా కిలోమీటరుకు పది సెంటీమీటర్లే అయితే, కాగితం మీది వాలు నేల మీద ఉండదు. చివరి పొలానికి నీరు చేరదు. డెల్టా రైతులు 'చివరి భూములు' అని పిలిచే ఆ పొలాల భవితవ్యం ఒక సన్నని గీతపై ఆధారపడింది.

ఈ తప్పును తొలగించడానికి సర్వేయర్లు రెండు మేకుల పరీక్షను వాడతారు. రెండు మేకులకు సరిగ్గా నడుమ పరికరాన్ని నిలిపితే ఇరువైపులా తప్పు సమానమై, ఎత్తుల తేడా సరిగా వస్తుంది. తర్వాత పరికరాన్ని ఒక మేకు దగ్గరకు చేర్చి మళ్లీ చూస్తారు. రెండు ఫలితాలు కలవకపోతే గీత తప్పుగా ఉన్నట్లు. అప్పుడు చిన్న మరలను తిప్పి గీతను యథాస్థానానికి తెస్తారు. ఈ సవరణకు కొలిమేషన్ సవరణ అని పేరు.

3.3 కంటికి తగిన సవరణ:

దీనికి ముందే చేయవలసిన మరో సవరణ ఉంది. గీతల తలమూ ప్రతిబింబం తలమూ కలవకపోతే, కన్ను కాస్త కదిలినా గీత బద్దపై జారినట్లు కనిపిస్తుంది. దీన్ని పారలాక్స్ అంటారు. అందుచేత సర్వేయరు ముందుగా దూరదర్శినిని తెల్లకాగితం వైపో ఆకాశం వైపో తిప్పి, గీతలు నల్లగా, స్పష్టంగా కనిపించే వరకు కంటిగాజును సవరిస్తాడు. తర్వాతే బద్దను చూస్తాడు. ఒకరి చూపు మరొకరి చూపు వంటిది కాదు కనుక, పరికరం చేతులు మారిన ప్రతిసారీ ఈ సవరణ మళ్లీ చేయాలి.

ఈ విధంగా సర్వే పరికరంలో సవరణలు రెండు విధాలు. కంటిగాజు సవరణ వ్యక్తికి సంబంధించినది. కొలిమేషన్ సవరణ సత్యానికి సంబంధించినది. మొదటిది ఎవరిది వారిది. రెండోది అందరికీ ఒకటే. ఈ భేదం తర్వాతి చర్చకు ముఖ్యం.

కొన్ని పరికరాల్లో ప్రధాన గీతకు పైన, కింద మరో రెండు పొట్టి గీతలు ఉంటాయి. వీటిని స్టేడియా గీతలంటారు. కొలతబద్దపై ఈ రెండు గీతల నడుమ కనిపించే అంతరాన్ని సాధారణంగా నూరుతో గుణిస్తే దూరం తెలుస్తుంది. గీత గురి చూపడంతో ఆగక, సమాచారాన్నీ ఇస్తుందనడానికి ఇది నిదర్శనం.

3.4 రైలు, పొలం, హద్దు:

మద్రాసు ప్రెసిడెన్సీలో రెవెన్యూ సర్వే శాఖ 1858లో ఏర్పడింది. గ్రామ సరిహద్దులకు థియోడొలైటు, పొలాలకు గొలుసు వాడారు. సర్వే నంబరు, సర్వే రాయి అనే మాటలు రైతు భాషలో కలిసిపోయాయి. విజయవాడ–మద్రాసు రైలు మార్గం 1899లో పూర్తికాగా తెనాలి, బాపట్ల ఆ మార్గంపై నిలిచాయి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడింది. గుంటూరు–రేపల్లె మార్గం 1916లో ప్రారంభమైంది. సర్వే, హద్దుల చట్టం 1923లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలను అందుకునే రోవర్లు ప్రవేశించాయి. ఈ పద్ధతిలో కంటితో గీతను చూసే పని బాగా తగ్గింది.

ఇదే పరిణామం మరో రంగంలోనూ కనిపిస్తుంది. బాపట్ల సమీపంలోని సూర్యలంక వైమానికదళ కేంద్రంలో 2023 డిసెంబరులో జరిగిన 'అస్త్రశక్తి' విన్యాసాల్లో ఆకాశ్ క్షిపణి వ్యవస్థకు చెందిన ఒకే యూనిట్ నాలుగు లక్ష్యాలను ఏకకాలంలో ఛేదించింది. అక్కడ లక్ష్యాన్ని పట్టేది రాడార్. నిజమైన ఆయుధంలో మానవ నేత్రం వెనక్కి తగ్గుతున్న కాలంలోనే, ఆటలో కన్ను, చెయ్యి, గీత మళ్లీ ప్రధానమయ్యాయి. ఇది గమనార్హం.

4. తెరపై గురిగుర్తు:

4.1 ఆరంభ దశ:

1980లో అటారి సంస్థ విడుదల చేసిన 'బాటిల్‌జోన్'లో ఆటగాడు ట్యాంకు లోపలి నుండి చూస్తున్నట్లు దృశ్యం ఉంటుంది. శత్రువు గురిలోకి రాగానే గురిగుర్తు ఆకారం మారుతుంది. గుర్తు తానుగా సమాచారం ఇవ్వడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 1993 నాటి 'డూమ్'లో గురిగుర్తు లేదు. తెర అడుగున మధ్యలో కనిపించే తుపాకియే గుర్తు. పైకీ కిందికీ గురిపెట్టే పనిని యంత్రమే చేసేది. 1996లో వచ్చిన 'క్వేక్'లో పూర్తి త్రిమితీయ లోకం ఏర్పడింది. మౌసుతో అన్ని దిశలకూ చూడడం సాధ్యమైంది. అప్పుడు గుర్తు అవసరమైంది. అయినా అది ఆటలో మొదటి నుండీ కనిపించేది కాదు; ఆటగాడు ఆదేశం టైపు చేసి తెచ్చుకోవాలి. ఆ గుర్తు ప్రత్యేకంగా గీసిన చిత్రం కూడా కాదు, అక్షరాల పట్టికలోని కూడిక గుర్తు. ఆటగాడు తానుగా ఎంచుకోవడమే తెరపై గురిగుర్తు సవరణకు తొలి అడుగు. 1999 నాటి 'క్వేక్ 3 అరీనా'లో పలు ఆకారాలను, పరిమాణాలను ఎంచుకునే వీలు కలిగింది. ఆటగాడి ఆరోగ్యాన్ని బట్టి గుర్తు రంగు మారే ఏర్పాటు కూడా ఉంది.

4.2 కౌంటర్ స్ట్రైక్ – వ్యాకోచించే గుర్తు:

1999లో మోడ్‌గా మొదలై, 2000లో వాల్వ్ సంస్థ ద్వారా విడుదలైన 'కౌంటర్ స్ట్రైక్' తెలుగు పట్టణాల ఇంటర్నెట్ కేంద్రాలకు, కళాశాల వసతిగృహాలకు 2000ల దశకంలో పరిచయమైంది. ఇందులో ఆటగాడు పరిగెత్తినా, ఎగిరినా గురిగుర్తులోని నాలుగు గీతలు దూరంగా జరుగుతాయి, నిలబడితే దగ్గరవుతాయి. ఆ నడిమి ఖాళీ గుండు ఎంత చెదరగలదో చెబుతుంది. సర్వేలోని స్టేడియా గీతల వలె ఇదీ సమాచారాన్నిచ్చే గీత. అయితే అనుభవజ్ఞులు చాలామంది ఈ కదలికను ఆపివేసి స్థిరమైన గుర్తును పెట్టుకున్నారు. ఎప్పుడు నిలవాలో, ఎప్పుడు కాల్చాలో వారికి అభ్యాసం వల్ల తెలుసు; కదిలే గీతలు చూపును చెదరగొడతాయి.

ఈ ఆటలో దూరపు తుపాకికి దుర్భిణి తెరవనప్పుడు గురిగుర్తు కనిపించదు. దానికి విరుగుడుగా కొందరు తెర గాజుపైనే చుక్క పెట్టుకునేవారు. తర్వాత కొన్ని కంపెనీల మానిటర్లలోనే అటువంటి గుర్తును చూపే సౌకర్యం వచ్చింది. ఆట నియమం లేదన్న గుర్తును ఆటగాడు బయటి నుండి తెచ్చుకోవచ్చునా? ఈ ప్రశ్న న్యాయానికి సంబంధించినది. సవరణకు హద్దు ఎక్కడ అన్న వివాదం ఆనాటి నుండే ఉంది.

4.3 హీరో షూటర్ – వీరుడికో విల్లు:

2007 నాటి 'టీమ్ ఫోర్ట్రెస్ 2' తొమ్మిది భిన్న పాత్రలతో ఈ ప్రక్రియకు పునాది వేసింది. 2016 మే 24న బ్లిజార్డ్ సంస్థ విడుదల చేసిన 'ఓవర్‌వాచ్' హీరో షూటర్ అనే పేరును విస్తృత వ్యవహారంలోకి తెచ్చింది. ఆరంభంలో ఇందులో 21 మంది వీరులు ఉన్నారు. భారతంలో గాండీవం అర్జునుడిది, విజయం కర్ణుడిది అయినట్లే ఇక్కడ ఎవరి ఆయుధం వారిది. విడోమేకర్ దూరం నుండి కాల్చే గుండు తక్షణమే తగులుతుంది. హాంజో బాణం, ఫారా రాకెట్ గాలిలో ప్రయాణిస్తాయి కాబట్టి లక్ష్యం ఎక్కడికి చేరుతుందో ఊహించి ముందుగా గురిపెట్టాలి. రీపర్ చేతిలోని తుపాకుల గుళ్లు చెదురుతాయి. రైన్‌హార్ట్ సుత్తితో పోరాడతాడు. మెర్సీ కర్ర నుండి వెలువడే కిరణం సహచరుడిని పట్టుకుంటుంది.

ఇన్ని విధాల ఆయుధాలకు ఒకే గుర్తు చాలదు. అందుకే ఈ ఆటలో ప్రతి వీరుడికీ వేరుగా సవరణలు చేసుకోవచ్చు. వృత్తం, కూడిక గుర్తు, రెండూ కలిసినది, ఒంటి చుక్క – వీటిలో ఒక ఆకారాన్ని ఎంచుకోవాలి. తర్వాత రంగు, మందం, గీత పొడవు, నడిమి ఖాళీ, గీతల పారదర్శకత, అంచు గీత, చుక్క పరిమాణం నిర్ణయించాలి. గుండు చెదిరే తీరును గుర్తు చూపాలా వద్దా అన్నదీ ఆటగాడి ఇష్టమే. దూరపు గురికి చిన్న చుక్క లక్ష్యాన్ని కప్పివేయదు. చెదిరే గుళ్లకు వృత్తం తగినది, ఎందుకంటే అది తగిలే పరిధిని చూపుతుంది. సుత్తి పట్టిన వీరుడికి గుర్తు నామమాత్రం.

2020 జూన్ 2న రయట్ గేమ్స్ విడుదల చేసిన 'వాలొరాంట్' ఈ రంగంలో మరో మలుపు. ఇందులో పాత్రలకు ప్రత్యేక శక్తులున్నా, తుపాకి పోరు కౌంటర్ స్ట్రైక్ సంప్రదాయానికి దగ్గర. లోపలి గీతలు, బయటి గీతలు, మధ్య చుక్క వేర్వేరుగా సవరించుకోవచ్చు. నడకవల్ల కలిగే తప్పును, కాల్పువల్ల కలిగే తప్పును గీతలు చూపాలా అన్నదీ ఎంచుకోవచ్చు. 2022లో గుర్తు సవరణలన్నిటినీ ఒక సంకేతపదంగా మార్చి మరొకరికి పంపే ఏర్పాటు వచ్చింది. పేరొందిన ఆటగాళ్ల సంకేతాలను అభిమానులు నకలు చేసుకోవడం సాధారణమైంది.

4.4 రంగు – కన్ను:

పగటి వెలుగులో మనిషి కంటికి 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే ఆకుపచ్చ ప్రాంతంలో, సున్నితత్వం అధికం. ఆటల్లో ఆకుపచ్చ, నీలి ఆకుపచ్చ గుర్తులు ప్రచారంలో ఉండడానికి ఇదొక కారణం కావచ్చు. అయితే ఆట నేపథ్యపు రంగుతో గుర్తు కలిసిపోకపోవడం అంతకన్నా ముఖ్యం. గడ్డిమైదానంలో ఆకుపచ్చ గుర్తు, మంచు నేలపై తెల్ల గుర్తు కనుమరుగవుతాయి. నల్లని అంచు గీత ఈ ఇబ్బందిని తగ్గిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చల భేదం తెలియని వర్ణాంధత పురుషుల్లో ఎక్కువ. అటువంటివారికి రంగు మార్చుకునే వీలు ఆటలో పాల్గొనే హక్కు వంటిది. సర్వేయరు కంటిగాజు సవరణతో దీనికి నేరుగా సామ్యం ఉంది. కళ్లద్దాలు పెట్టుకున్న సర్వేయరును ఎవరూ తప్పుపట్టరు.

5. తులనాత్మక పరిశీలన:

సర్వే గీతకూ ఆట గుర్తుకూ మూడు అంశాల్లో పోలిక, ఒక అంశంలో భేదం కనిపిస్తున్నాయి.

మొదటి పోలిక దృశ్యమానత. గీత కనిపించాలి, కానీ లక్ష్యాన్ని కప్పకూడదు. సాలెదారాన్ని ఎంచుకోవడానికీ, సన్నని గుర్తును ఎంచుకోవడానికీ హేతువు ఒక్కటే.

రెండోది సమాచారం. స్టేడియా గీతలు దూరాన్ని తెలిపితే, వ్యాకోచించే గుర్తు గుండు చెదిరే తీరును తెలుపుతుంది.

మూడోది అభ్యాసం. పోటీ షూటర్లలో నేర్పే తొలి పాఠం గుర్తును ఎదుటివాడి తల ఎత్తులోనే నిలుపుతూ నడవడం. నేల ఎగుడుదిగుడులను అనుసరించి గుర్తు ఎత్తును సర్దుకోవాలి. శత్రువు కనిపించాక గుర్తును అక్కడికి చేర్చడం కాదు, కనిపించే చోట గుర్తు ముందే ఉండాలి. లెవెల్ గీత ఎత్తు మారకుండా బద్ద నుండి బద్దకు సాగడం ఇటువంటిదే. రెండుచోట్లా ఎత్తును స్థిరంగా నిలపడంలోనే నైపుణ్యం ఉంది.

భేదం సత్య సవరణలో ఉంది. సర్వేయరు గీతను పరీక్షించి, తప్పుంటే తానే సరిచేయగలడు. ఆటగాడికి ఆ అధికారం లేదు. ఆటలో గుండు ఎక్కడ తగిలిందో నిర్ణయించేది దూరాన ఉన్న సర్వర్. వాలొరాంట్ సర్వర్ ముంబయిలో ఉంది. రేపల్లెలోనో బాపట్లలోనో కూర్చున్న ఆటగాడి మౌసు నొక్కు అక్కడికి చేరడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో ఎదుటివాడు కదలవచ్చు. దీన్ని సరిదిద్దడానికి సర్వర్ కాలాన్ని కొద్దిగా వెనక్కి తిప్పి, ఆటగాడు నొక్కిన క్షణంలో అతని తెరపై లక్ష్యం ఎక్కడుందో లెక్కిస్తుంది. వాల్వ్ సంస్థ ఇంజనీర్ యాన్ బర్నియర్ 2001లో ఈ పద్ధతిని వివరించాడు. దీనివల్ల గురిపెట్టినవాడికి న్యాయం జరుగుతుంది. కానీ గోడ చాటుకు చేరిన తర్వాత కూడా దెబ్బ తగిలిందని ఎదుటివాడు వాపోతాడు. అంటే ఒకే కాల్పుకు రెండు తెరలపై రెండు సత్యాలున్నాయి. గుర్తును ఎంత సవరించినా ఈ తేడా పోదు.

డెల్టాలో గీత తప్పితే చివరి పొలానికి నీరందదు. ఆ తప్పును నేల తానే బయటపెడుతుంది. ఆటలో తప్పు ఎవరిదో తెలియదు. అందుకే ఓడిన ఆటగాడు తరచుగా గుర్తును మారుస్తాడు. తాను మార్చగలిగినది అదొక్కటే. ప్రతి ఓటమికీ గుర్తును మార్చడం వల్ల చెయ్యి, కన్ను దేనికీ అలవాటుపడవు. అగ్రశ్రేణి ఆటగాళ్ల గుర్తుల్లో ఏకరూపత లేదు. కొందరు చిన్న స్థిరమైన కూడిక గుర్తును, కొందరు ఒంటి చుక్కను వాడతారు. కనుక ఉత్తమమైన గుర్తు ఒకటుందనడం కన్నా, ఒక గుర్తుకు అలవాటుపడడమే ప్రధానమనడం సమంజసం. ఏకలవ్యుడు మట్టిబొమ్మ ముందు విద్య నేర్చాడు. అతనికి ఉపకరించింది బొమ్మ ఆకారం కాదు, దానిపై కుదిరిన గురి, విడువని అభ్యాసం.

6. సామాజిక నేపథ్యం:

2016 సెప్టెంబరు 5న జియో సేవలు ప్రారంభమైన తర్వాత చౌక మొబైల్ డేటా చిన్న పట్టణాలకు చేరింది. 2018లో వచ్చిన 'పబ్‌జీ మొబైల్' గురిగుర్తు రంగును మార్చుకునే అలవాటును ఫోనుకు తెచ్చింది. కేంద్రప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న ఆ ఆటను నిషేధించింది. దాని భారతీయ రూపం 2021 జూలైలో వచ్చి, 2022 జూలైలో నిలిపివేతకు గురై, 2023లో తిరిగి అనుమతి పొందింది.

2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను బహుళక్రీడా పోటీల్లో భాగంగా గుర్తించి క్రీడల శాఖ పరిధిలోకి తెచ్చింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలు ఇచ్చారు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెపు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. పందెం వేరు, నైపుణ్యం వేరు అనే విభజన చట్టానికి ఎక్కింది. గురిగుర్తు సవరణ నైపుణ్యం వైపు నిలిచే అంశం. అయితే గుర్తు తానుగా శత్రువును పట్టేలా చేసే దొంగ ప్రోగ్రాములు నైపుణ్యాన్ని నిర్మూలిస్తాయి. కంటికి తోడుపడే సవరణకూ, కంటి పనిని తానే చేసే మోసానికీ మధ్య గీత గీయడం నేటి పోటీ నిర్వాహకుల ముందున్న బాధ్యత.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలో, తెనాలి గుంటూరు జిల్లాలో చేరాయి. జిల్లా హద్దు మారినా ఈ మూడు పట్టణాలకు నీరందించే కాలువల వ్యవస్థ ఒక్కటే. దానికి ఆధారమైన కొలతలు గురిగీతతో తీసినవే.

7. ముగింపు:

1. గురిగుర్తు సవరణ వీడియో గేములతో పుట్టినది కాదు. గ్యాస్కాయిన్ దూరదర్శిని నుండి సర్వే పరికరాల ద్వారా సాగిన సంప్రదాయానికి అది కొనసాగింపు.

2. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల సేద్యానికి, రవాణాకు, భూమి హద్దులకు ఆధారమైన కొలతల్లో ఈ గీతకు ముఖ్యస్థానం ఉంది.

3. సర్వేలో వ్యక్తిగత సవరణ, సత్య సవరణ రెండూ పరికరం పట్టినవాడి చేతిలో ఉండేవి. ఆటలో మొదటిది విస్తరించింది, రెండోది సర్వర్‌కు వెళ్లింది.

4. హీరో షూటర్‌లో పాత్రను, ఆయుధాన్ని బట్టి గుర్తు మారడం సహేతుకం. ఓటమిని బట్టి మార్చడం అభ్యాసానికి భంగకరం.

5. రంగు, మందం వంటి సవరణలు దృష్టిభేదాలున్నవారికి సమానావకాశాన్ని కల్పిస్తాయి. వాటిని విలాసంగా కాక అవసరంగా పరిగణించాలి.

సర్వేయరు కంటిగాజును సవరించుకున్న తర్వాత గీతను పరీక్షించాడు. పరీక్షించిన తర్వాతే నమ్మాడు. నేటి ఆటగాడికి కంటిగాజు మాత్రమే మిగిలింది. గీత సత్యాన్ని సర్వర్ నడిపేవారికి అప్పగించవలసి వచ్చింది. 'గురి' అనే మాటకున్న రెండో అర్థం ఇక్కడే పరీక్షకు నిలుస్తుంది. ఆ నమ్మకాన్ని నిలబెట్టే బాధ్యత ఆట నిర్మాతలది, నిర్వాహకులది.